దేంతో ఉతికారు?

అనుమానమే ఉద్యోగం

ఇరవై ఆరేళ్ళు నాకు జీతం ఇచ్చింది అనుమానించడానికి. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత మీరు నన్ను తిట్టుకోరు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే నా స్నేహితుడి కూతురు ఈమధ్యే ఒక మ్యూజియంలో చేరింది. పాత కాగితాలు, పాత బొమ్మలు పరీక్షించి బాగుచేసే పని. మొన్న ఫోన్ చేసి, "అంకుల్, మీరు ఇన్ని ఇయర్స్ చేశారు కదా, నాకు ఏమైనా టిప్స్ చెప్పండి" అంది. టిప్స్ అంటే ఏం చెప్తాను? ఏ మందు ఎంత కలపాలో పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. చెప్పుకోడానికి సిగ్గేసి ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. ఆ అమ్మాయి అడిగింది కాబట్టి రాస్తున్నాను. ప్రమోషన్లూ, అభినందన ఫలకాలూ మా ఆవిడ సుభద్ర గరాజ్‌లో ఓ అట్టపెట్టెలో పడేసింది. వాటిని అక్కడే ఉండనిద్దాం.

నాది కాగితం కెమిస్ట్రీ. రాజమండ్రి దగ్గర ఓ కాగితం మిల్లులో రెండేళ్ళు చేసి, పైచదువుకి అమెరికా వచ్చి, డెబ్బైల చివర్లో న్యూజెర్సీలో ఒక చిన్న మ్యూజియంలో చేరాను. దాని పేరు చెప్పను. అప్పట్లో మేం ఐసెలిన్ పక్కనే ఉండేవాళ్ళం. ఇప్పుడు అక్కడ అడుగడుక్కీ చీరల కొట్లూ నగల కొట్లూనూ. అప్పుడు కందిపప్పు దొరికితే ఆ వారం పండగే.

మా మ్యూజియంలో ఉన్నవన్నీ పంతొమ్మిదో శతాబ్దపు అచ్చు బొమ్మలు. నున్నటి రాతి పలక మీద జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ గీసి, సిరా రుద్ది, దాన్నుంచి నల్లటి అచ్చులు వందల కొద్దీ తీసేవాళ్ళు. ఆ అచ్చులకు ఆడవాళ్ళు చేత్తో రంగులు అద్దేవాళ్ళు. రాజులూ యుద్ధాలూ కూడా వేశారు గానీ, జనం ఎగబడి కొన్నవి ఇంటి బొమ్మలు. చెరువు మీద మంచు కోయడం, మొక్కజొన్న ఒలవడం, బండి మీద సంతకు పోవడం, వంటింట్లో అమ్మమ్మ. ఆ రోజుల్లో ప్రతి ముందుగదిలోనూ ఇలాంటిది ఒకటి వేలాడుతూ ఉండేది.

మొదటిరోజు మా బాస్ హాలరన్ నా చేతికి ఒక భూతద్దం, ఒక అల్ట్రావయొలెట్ దీపం ఇచ్చి ఒకే మాట చెప్పాడు: "మూర్తీ, ఈ గుమ్మం దాటి లోపలికొచ్చే ప్రతి బొమ్మా అబద్ధమే. నిజమని తేలేదాకా."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు చెప్పలేనంత నచ్చింది. అమెరికా వచ్చి పదేళ్ళు, అందరూ నన్నే అనుమానించారు. అద్దెకిచ్చేవాడు, బ్యాంకువాడు, కొట్లో నా వెనకే నడిచేవాడు. ఇప్పుడు నేను అనుమానిస్తే నాకు జీతం ఇస్తారట! అంతకంటే ఏం కావాలి?

భూతద్దం, దీపం

ఈ బొమ్మల్ని తర్వాతి కాలంలో కేలండర్ల మీద తెగ అచ్చేశారు. ఆ కేలండర్ కాగితాల్ని జనం ఫ్రేము కట్టి అటకెక్కించారు. వాళ్ళ పిల్లలు దించి, "మా ముత్తాతగారిది" అంటూ మా దగ్గరికి పట్టుకొచ్చేవాళ్ళు. భూతద్దం పెడితే అసలుదానిలో రాతి గరుకు కనిపిస్తుంది, ఇసక చల్లినట్టు అడ్డదిడ్డంగా. కేలండరుదైతే వరసలు తీరిన చుక్కలు. ఒకాయన తన ముత్తాత కథ అరగంట చెప్పి, కళ్ళు తుడుచుకుని ఫ్రేము విప్పితే, కాగితం పైన మేకుకి తగిలించే చిల్లు ఉంది. దానికి వెనకనుంచి అతుకు కూడా వేశారు. ముత్తాతగారు కేలండరు చింపి దాచుకున్నారన్నమాట.

భూతద్దానికి దొరకనివాళ్ళు దీపానికి దొరుకుతారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తయారైన కాగితంలో తెల్లబరిచే మందు కలుపుతారు. చీకటిగదిలో ఆ ఊదా దీపం కింద పెడితే అది నీలంగా భగ్గున మెరుస్తుంది. పాతకాలంలో గుడ్డపీలికలు నానేసి చేసిన కాగితం మెరవదు, చప్పగా, మీగడరంగులో పడి ఉంటుంది. ఆ దీపం కింద నా చొక్కా చేతులు కూడా మెరిసేవి. కళ్ళకు అడ్డమని మోచేతులపైకి మడిచేవాణ్ణి. తొమ్మిదేళ్ళు రోజూ మడిచాను. ఎందుకు మెరుస్తున్నాయని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. కాగితాన్నే అనుమానించాను గాని, నా ఒంటిమీదున్నదాన్ని కాదు.

ఆ బొమ్మల మీద కూడా నాకు నమ్మకం ఉండేది కాదు. చూడండి ఒకసారి. ప్రతి ఇంటి పొగగొట్టంలోంచీ పొగ వస్తుంది, ప్రతి ఆవూ బలిసి ఉంటుంది, ఎవరికీ దగ్గు ఉండదు, ఎవరి చెప్పుకీ బురద అంటదు. రోజువారీ జీవితం అని పేరు! పట్నంలో మేడమీద గదిలో కూర్చుని, జన్మలో పాలు పితకని మనిషి గీసిన పల్లె అది. పట్నంలోనే అమ్ముకున్నారు. అందంగా ఉంటాయి, కాదనను. కానీ ఇంత సుఖంగా కనిపించే ఇంట్లో ఏదో దాస్తున్నారని అనిపించేది నాకు. ఈ బుద్ధి పనికొస్తుంది, పనికిరానిచోటికీ వస్తుంది.

డొరొతీ

మా పనిగదిలో నాకంటే ముందునుంచీ ఉన్న మనిషి డొరొతీ. అప్పటికి అరవై దగ్గరపడ్డాయి. సన్నగా, నిటారుగా ఉండేది. బొమ్మల్ని నీళ్ళలో కడగడం, ఆరబెట్టడం, అట్ట మీద కూర్చడం, పోయినచోట రంగు దిద్దడం ఆవిడ పని. డిగ్రీలు ఏమీ లేవు. తడి కాగితాన్ని ఎత్తే తీరు చూస్తే మాత్రం నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి.

వాళ్ళ అమ్మమ్మ చిన్నతనంలో రంగుల బల్ల దగ్గర పనిచేసిందట. డొరొతీ చెప్తేనే ఆ పని ఎలా జరిగేదో నాకు తెలిసింది. పొడుగాటి బల్ల, వరసగా ఆడపిల్లలు, మధ్యలో నమూనా బొమ్మ. ఒక్కొక్కరిదీ ఒకటే రంగు. మొదటి పిల్ల ఆకాశం నీలం అద్ది పక్కకు తోస్తుంది, రెండోపిల్ల చెట్లకు ఆకుపచ్చ, మూడోపిల్ల ఎరుపు.

"మా అమ్మమ్మది ఎరుపు," అనేది డొరొతీ. "పొద్దున్నుంచి సాయంత్రందాకా ఎరుపే. కొట్టం తలుపులు, పిల్లల స్కార్ఫులు, కోడిజుట్లు. ముసలితనంలో కూడా ఎర్ర బట్ట కట్టుకునేది కాదు."

మా సేకరణలో ఒక బొమ్మ ఉంది. పెరట్లో చాకిరేవు. నిప్పుల మీద పెద్ద గంగాళం, ఇద్దరాడవాళ్ళు చేతులు పైకి మడిచి బట్టలు పిండుతుంటారు. రెండు చెట్ల మధ్య తాడు మీద తెల్లటి దుప్పట్లు. ముందు చిన్నపిల్ల, మెడలో ఎర్ర స్కార్ఫు. 'వాష్ డే' అని పిలిచేవాళ్ళం. ఆ ఎరుపు ఒకచోట గీత దాటి వెంట్రుకవాసి బయటికొచ్చింది. లంచ్ టైమ్‌లో డొరొతీ ఆ సొరుగు లాగి, చేతులు వెనక్కి కట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడేది. ఆ ఎరుపు వాళ్ళ అమ్మమ్మ అద్దిందే కావచ్చని ఆవిడ నాకు ఎన్నోసార్లు చెప్పింది. అయినా నాకు లోపల ఏదో గీకేది. వందల బొమ్మలుంటే ఈవిడకి ఇదొక్కటే ఎందుకు?

పంచెలు

నేను ఇండియా వెళ్ళిన ప్రతిసారీ మా పెద్దక్క నాకు పంచెలచాపు పెట్టేది. వద్దన్నా వినేది కాదు. న్యూజెర్సీలో పంచె ఎక్కడ కట్టను? మంచు ఊడవడానికా? పెట్టె అడుగున అలా పోగయ్యాయి. అంత మెత్తటి నూలు మళ్ళీ దొరకదు.

ఒక శీతాకాలం మ్యూజియం పైకప్పు కారి 'వాష్ డే' మీద నీటిమరక పడింది. కడగడానికి ముందు దీపం కింద పెట్టి చూశాను. మెరుపు లేదు, అసలుదే అని రాసి సంతకం చేశాను. డొరొతీ కడిగింది. కడిగిన కాగితాన్ని ఆరబెట్టేటప్పుడు పైన నీళ్ళు పీల్చే అట్టలు వేసి బరువు పెడతాం. ఆ వారం మంచి అట్టలు అయిపోయాయి, ఉన్నవి గరుకు. అప్పుడు నా బుర్రలో బ్రహ్మాండమైన ఆలోచన మెరిసింది. మర్నాడు రెండు పంచెలు పట్టుకెళ్ళాను.

డొరొతీ పంచె అంచు పట్టుకుని వేళ్ళతో నలిపింది. "మంచి నూలు," అంది. తర్వాత నా మొహంలోకి చూసి, "దేంతో ఉతికారు?" అని అడిగింది.

అంతే. నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తాను, నాలాగా వచ్చినవాళ్ళకి చెప్పకుండానే తెలుస్తుంది. మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద పోపు వాసనకి ముక్కు మూసుకున్నవాళ్ళున్నారు. నా లంచ్ డబ్బా తెరిస్తే కిటికీ తెరిచినవాళ్ళున్నారు. ఇప్పుడీవిడ మా ఇంట్లో బట్టలు శుభ్రంగా ఉతుక్కుంటామా అని అడుగుతోంది! అదే నాకు వినిపించింది.

"మా ఇంట్లో బట్టలు శుభ్రంగానే ఉంటాయి," అన్నాను బిగుసుకుపోయి.

"నేను అడిగింది అది కాదు, డాక్టర్ మూర్తి."

"నాకు తెలుసు మీరు అడిగిందేమిటో."

ఆవిడ పంచె బల్ల మీద పెట్టేసింది. ఆ గదిలో నా మాటే చెల్లుతుంది. నా చేత్తోనే పంచె పరిచాను, పైన అట్ట, దానిపైన బరువు. రెండురోజులకి తీస్తే కాగితం అద్దంలా చదునుగా వచ్చింది. చూశారా అన్నట్టు నిలబడ్డాను. ఆ వారాంతానికి కొత్త అట్టలు వచ్చేశాయి, పంచెలు అలమరా అడుగు అరలోకి పోయాయి. ఆవిడ అన్న మాట నాకు గుర్తుండిపోయింది, పంచెలు మాత్రం మరిచిపోయాను. అనుమానపు మనిషికి ఉండే జబ్బు ఇదే. ఎదుటివాళ్ళు చేసింది తారీఖులతో గుర్తుంటుంది, మనం చేసింది గాలికి పోతుంది.

నేను రాసిన రిపోర్టు

మరుసటి ఏడు ఒక ప్రదర్శన పెట్టారు. వెళ్ళే బొమ్మలన్నిటినీ మళ్ళీ దీపం కింద పెట్టి చూడాలి. 'వాష్ డే' పెట్టాను. భగ్గుమంది. తాడు మీది దుప్పట్లు, ఆకాశం, అంచులు అన్నీ నీలంగా మెరిసిపోతున్నాయి. కింద ఎడమ మూలన, వేలి కొన అంత మేర, పసుపూ ఆకుపచ్చా కలిసిన ఇంకో మెరుపు. మామూలు వెలుతురులో అక్కడ ఏమీ కనపడదు.

పోయినేడు నేనే చూశాను, మెరుపు లేదు. ఇప్పుడుంది. అంటే ఇది ఆ బొమ్మ కాదు. ఎవరో మార్చేశారు. మధ్యలో దాన్ని ముట్టుకున్నది ఎవరు? సొరుగు తాళం ఉన్నది ఎవరి దగ్గర?

ఇక చూడండి నా తెలివి. భూతద్దం పెడితే రాతి గరుకు స్పష్టంగా ఉంది. అసలుదే అనుకోవాలి కదా? అనుకోలేదు. పాత రాళ్ళు కొన్ని ఇంకా చేతులు మారుతున్నాయి కదా, ఎవరో పాత రాయి సంపాదించి కొత్త కాగితం మీద అచ్చు తీశారు అనుకున్నాను. స్కార్ఫు ఎరుపు సరిగ్గా అదే చోట గీత దాటింది. డొరొతీకి ఆ తప్పు కంఠతా వచ్చు కదా, చూసి అద్దింది అనుకున్నాను. రంగు దిద్దడం వచ్చినమనిషి కూడానాయె. ఆ పసుపుపచ్చ మెరుపుని 'గుర్తుతెలియని ఆధునిక రంగు' అని రాశాను. ప్రతి సాక్ష్యమూ ఆవిడవైపే నడిచింది, ఎందుకంటే నడిపిస్తున్నది నేను.

ఒక్క పరీక్ష మిగిలింది. అంచునుంచి సూదిమొన అంత పీచు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే కాగితం పాతదో కొత్తదో తేలిపోతుంది. బొమ్మను కొయ్యకూడదని మా మ్యూజియంలో నియమం. అనుమతి అడగొచ్చు. నేను అడగలేదు.

హాలరన్ ఆవిడను తన గదికి పిలిచాడు. నేనూ ఉన్నాను. రిపోర్టు చదివి వినిపించాడు. ఆవిడ చివరిదాకా విని, "పీచు తీసి చూశారా?" అని నన్ను అడిగింది.

"నియమం ఒప్పుకోదు."

"ఒప్పుకోలేదా, మీరు అడగలేదా?"

నేను హాలరన్ వైపు చూశాను. హాలరన్ గొంతు సవరించుకుని, పోలీసుల దాకా వెళ్ళడం మ్యూజియానికి ఇష్టం లేదనీ, ఆవిడే రాజీనామా ఇస్తే మర్యాదగా ఉంటుందనీ చెప్పాడు. డొరొతీ ఏప్రన్ విప్పి, మడత పెట్టి, బల్ల మీద పెట్టింది.

"ఇరవై రెండేళ్ళు," అంది హాలరన్‌తో. తర్వాత నావైపు తిరిగింది. "ఇవాళ పొద్దున కూడా నాకు గుడ్ మార్నింగ్ చెప్పారు మీరు. ఎప్పట్నుంచి అనుకుంటున్నారు నన్ను దొంగనని?"

జవాబు నా దగ్గర ఉంది. 'దేంతో ఉతికారు' అని అడిగిన రోజునుంచి. అది నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు.

మా లోకం చిన్నది. మ్యూజియం ఏమీ ప్రకటించకపోయినా అందరికీ తెలిసిపోయింది. ఆవిడకు మళ్ళీ ఎవరూ కాగితం పని ఇవ్వలేదు. ఒక మాల్‌లో బట్టల కొట్లో గజాలు కొలిచి కోసే కౌంటర్ దగ్గర చేరిందని విన్నాను. విని, నాకు ఏమనిపించిందో దాచను. 'పని దొరికిందిలే' అనిపించింది.

పసుపు

ఆర్నెల్లకు మా అమ్మాయి అనూ పుట్టినరోజు వచ్చింది. తొమ్మిదేళ్ళు దానికి. తెల్ల గౌను కొన్నాం. శనివారం మధ్యాహ్నం పార్టీ. సుభద్ర కొత్త గౌను అంచు తిరగేసి, పసుపులో బొటనవేలు ముంచి మూలన అద్దబోయింది.

"అమ్మా, నో! నాట్ ఆన్ ది వైట్! అందరూ వాట్స్ దట్ అంటారు."

"లోపల మూలకే పెడుతున్నానే. కొత్తబట్ట పసుపు లేకుండా ఎలా వేసుకుంటావు?"

"ఇట్స్ జస్ట్ అ డ్రెస్, అమ్మా!"

"అయితే ఏంటిట? నాన్న పంచెలకి అత్త పెట్టలేదూ?"

నేను సోఫాలో పేపరు చదువుతున్నాను. తల ఎత్తి చూశాను. తెల్ల బట్ట మూలన బొటనవేలి గుర్తు. కింద వెడల్పు, పైకి సన్నం. అదే ఆకారం. రిపోర్టులో ఆ ఆకారాన్ని నేను బొమ్మ గీసి మరీ చూపించాను.

"సుభద్రా, అక్క పెట్టిన పంచెలు దేంతో ఉతికావు?"

"ఏవండీ, ఇప్పుడా అడగడం? పిల్లలొచ్చే టైమైంది."

"దేంతో ఉతికావే?"

"దేంతో ఉతుకుతారు? మెషిన్‌లో సబ్బుపొడి వేసి. గంజి కంపు కొడుతున్నాయని రెండుసార్లు వేశాను. తెల్లగా మల్లెపువ్వులా వచ్చాయని మీరే మురిసిపోయారుగా."

సబ్బుపొడిలోనూ ఆ తెల్లబరిచే మందే ఉంటుంది. నా చొక్కా మెరిసేది అందుకే. కాగితం కెమిస్ట్రీలో డాక్టరేటు నాకు! అది తడికాగితానికి ఎలా పట్టుకుంటుందో క్లాసులో చెప్పగలను. కారు తాళాలు తీసుకుని, పిల్లలొచ్చే ఇంట్లోంచి బయటపడ్డాను. సుభద్ర ఏమందో వినలేదు.

మ్యూజియంలో అలమరా అడుగు అరలో పంచెలు అలాగే ఉన్నాయి. చీకటిగదిలో దీపం వేసి పరిచాను. చాపు చాపంతా నీలంగా మెరిసింది. మూలన, పసుపుపచ్చగా, మా పెద్దక్క బొటనవేలు. 'వాష్ డే' తెచ్చి పక్కన పెట్టాను. సరిగ్గా సరిపోయింది. తమ్ముడు చల్లగా ఉండాలని అక్క పెట్టిన పసుపు అది. దాన్ని చూపించి నేను ఒక మనిషిని దొంగ అన్నాను. ఆ చీకట్లో స్టూలు మీద కూలబడి ఏడ్చాను.

పదకొండు రోజులు

సోమవారం హాలరన్‌కి చెప్పి అనుమతి అడిగాను. వెంటనే ఇచ్చాడు. అడిగితే అప్పుడూ ఇచ్చేవాడే. పీచు తీసి చూస్తే పాత గుడ్డపీలికల కాగితం, అనుమానం లేదు. బొమ్మ అసలుదే.

హాలరన్ ఊపిరి పీల్చుకున్నాడు. "మంచిది. రికార్డు సరిచేయి. డొరొతీ మాట ఎత్తకు. లాయర్ల గొడవ అవుతుంది. ఆవిడకి వేరే పని ఉంది కదా."

పదకొండు రోజులు నేను నోరెత్తలేదు. హాలరన్ మీద నెపం వేయను. ఆయన మూయమన్న నోరు నాది. నా భయం వేరే. మ్యూజియం నడిపే కమిటీ ముందు నిలబడి, ఇండియానుంచి తెచ్చుకున్న గుడ్డలతో బొమ్మను పాడుచేశానని చెప్పాలి. వాళ్ళు ఏమనుకుంటారో నాకు తెలుసనుకున్నాను. అనుమానం చూడండి, చివరికి కూడా వాళ్ళమీదే.

సంగతంతా సుభద్రకి ఆ శనివారం రాత్రే చెప్పాను. పన్నెండోరోజు తను అన్నం వడ్డిస్తూ, "ఆవిడ ఏ మాల్‌లో ఉందండీ?" అంది.

"ఎందుకు?"

"నేను వెళ్ళి చెప్తాను. ఉతికింది నేనేగా. మీరు చెప్పేలా లేరు."

తల కొట్టేసినట్టయింది. మర్నాడే కమిటీకి ఉత్తరం పెట్టాను. హాలరన్ నాతో వారం మాట్లాడలేదు.

కమిటీ రోజున దీపమూ, పంచే, బొమ్మా పట్టుకెళ్ళాను. కర్టెన్లు వేయించి, దీపం వేసి, మొదటినుంచి చెప్పాను. ఆవిడ ప్రశ్న, నా కోపం, అడగని అనుమతి, అన్నీ. చివర ఒక పెద్దమనిషి ముందుకు వంగి, "ఆ పచ్చటి గుర్తు ఏమిటి?" అన్నాడు.

"మా అక్క బొటనవేలండి," అన్నాను. ఒకరు నవ్వారు. మిగతావాళ్ళు నవ్వలేదు. డొరొతీ పేరు మీద క్షమాపణ పత్రం రాసి, ఆ పని తెలిసిన మ్యూజియాలన్నిటికీ పంపమని నేను అడిగాను. ఒప్పుకున్నారు. నా ఉద్యోగం ఉంటుందో లేదో ఆ రోజు తెలియలేదు. ఉంది, ఎందుకుందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

బట్టల కొట్టుకి నేనే వెళ్ళాను. డొరొతీ గళ్ళబట్ట కొలుస్తోంది. నేను చెప్తున్నంతసేపూ కత్తెర ఆపలేదు.

"అందరిముందూ చెప్పారా? నా పేరుతో?"

"చెప్పాను."

"మీ పేరుతో?"

"చెప్పాను."

బట్ట మడిచి కొనేవాళ్ళకి ఇచ్చింది. "నెక్స్ట్," అంది. నా వెనక ఉన్నావిడ ముందుకొచ్చింది. నేను పక్కకు తప్పుకున్నాను.

సోమవారం

మ్యూజియం మళ్ళీ రమ్మంటే డొరొతీ రానంది. ఒక్కరోజుకి మాత్రం వస్తానని కబురు పెట్టింది. "ఆ బొమ్మని అలా వదిలేయను" అందిట. ఒక సోమవారం పొద్దున వచ్చింది. ఏప్రన్ ఇంటినుంచి తెచ్చుకుంది.

బల్ల మీద పరచడానికని నేను తెచ్చిపెట్టిన గుడ్డను తీసుకుంది. వేళ్ళతో నలిపింది. నా మొహంలోకి చూసి అడిగింది:

"దేంతో ఉతికారు?"

"వట్టి నీళ్ళతో. ఏడుసార్లు మరిగించాను. సబ్బు వేయలేదు. దీపం కింద చూశాను, మెరవలేదు."

"సరే." గుడ్డ పరిచింది. ముడతలు సరిచేస్తూ, "అప్పుడు ఎందుకంత కోపం వచ్చింది మీకు?" అంది.

చెప్పాను. మేం శుభ్రమైన మనుషులమా అని అడుగుతున్నారనుకున్నానని. ఆవిడ చేతిలో పని ఆపి నావైపు తిరిగింది. ఆ మొహంలో కోపం లేదు. నిజంగా ఆశ్చర్యపోయింది.

"మా అమ్మమ్మ తెచ్చిచ్చినా ఇదే అడుగుతాను," అంది.

ఆ రోజు సాయంత్రందాకా మందు కలిపిన నీళ్ళలో నాలుగుసార్లు కడిగింది. నేను నీళ్ళు మోశాను. నాలుగోసారి దీపం వేస్తే బొమ్మ చప్పగా, మీగడరంగులో ఉంది. దుప్పట్లు ఆరిపోయాయి. కింద మూలన మాత్రం అక్క వేలిముద్ర ఇంకా పచ్చగా మెరుస్తోంది.

"అది పోదా?" అన్నాను.

"పోతుంది. ఇంకో గంట పని," అంది డొరొతీ చేతులు తుడుచుకుంటూ. "తీయగలను. తీయను. మీరు ఈ సొరుగు తెరిచినప్పుడల్లా అది అక్కడుండాలి."

ఏప్రన్ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇంకో పదిహేడేళ్ళు ఆ సొరుగు నా చేతికిందే ఉంది. ప్రతి ఏడూ దీపం వేసి చూసేవాణ్ణి. చూసేముందు చొక్కా చేతులు మడిచేవాణ్ణి కాదు.